లారెన్సు సార్డీనియా యాత్ర : రుచియు, భాషయు

వీపున సంచి తగిలించుకొని, కొండదారులను, సముద్రతీరమునందలి పాతపట్టణములను చుట్టివచ్చి, ఎక్కడి కూడు అక్కడ తిని, ఇల్లు చేరి గ్రంథము వ్రాయుట ఆంగ్లవాఙ్మయమున ఒక ప్రత్యేకశాఖ. ఆ శాఖలో డి. హెచ్. లారెన్సు వ్రాసిన ‘సీ అండ్ సార్డీనియా’ పేరెన్నిక గన్నది. 1921 జనవరిలో ఆయన భార్య ఫ్రీడాతో కూడ సిసిలీలోని తావోర్మీనా నుండి బయలుదేరి, పలెర్మో రేవున ఓడ యెక్కి, సార్డీనియా ద్వీపమునకు దక్షిణపు కొసనున్న కాల్యారి పట్టణమున దిగెను. అచ్చటినుండి చిన్న రైలుబండిలో మాందాస్, సోర్గోనో అను కొండయూళ్లకును, బస్సులో నూఓరో పట్టణమునకును పోయి, తూర్పుతీరమునకు దిగి, తెర్రనోవా రేవున మరల ఓడ యెక్కెను. (ఆ తెర్రనోవా 1939లో ఓల్బియా యను తన ప్రాచీననామమును తిరిగి పొందినది.) యాత్ర యంతయు కలిసి పదిదినములకు మించదు. దారిలో ఏమియు వ్రాసికొనక, ఇల్లు చేరిన పిదప కొలది వారములలో జ్ఞాపకము మీదనే గ్రంథము ముగించెను. అది 1921లోనే న్యూయార్కున అచ్చయినది.

పొరుగు రాష్ట్రములలోని తెలుగువారిని గూర్చిన సంచికలో సార్డీనియా కేమి పని యని మిత్రులొకరు నన్నడిగిరి. పని కలదని నా తలంపు. ఆ ద్వీపమును నేను చూచినవాడను కాను. గ్రంథమును మాత్రము రెండుమాఱులు చదివినవాడను. ఇరువదియేండ్లుగా హోసూరు ప్రాంతమున తెలుగుపిల్లలకు తెలుగు చెప్పుచున్నవాడను. ఈ రెండు పనులు ఒకదానికొకటి తగులుకొన్న చోటనే ఈ విమర్శ పుట్టినది.

ముందు గుణము చెప్పవలెను. ఆకలిని గూర్చి ఇంత నిజముగా వ్రాసిన యాత్రికులు అరుదు. మన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణము విడిచి కాశికి పోవుచు, ఏ మజిలీలో ఏ సామగ్రి దొరకును, ఎక్కడ దొరకదు అను విషయమును వెనుకవచ్చువారికి పనికివచ్చునట్లు వ్రాసిపెట్టెను. అది గృహస్థుని జాగ్రత్త. లారెన్సుది అట్టి జాగ్రత్త కాదు, కడుపులోని మంట. దంపతులకు వీపుసంచి యొకటి, దానితోపాటు ‘కిచెనీనో’ యని వారు ముద్దుగా పిలుచుకొన్న వంటసంచి యొకటి. అందులో స్పిరిటు దీపము, చిన్న అల్యూమినియము గిన్నె, టీ, చక్కెర, వెన్న మొదలగునవి. చలిలో తెల్లవాఱకముందే లేచి ఆ సంచి సర్దుట మొదటి పుటలలోనే వర్ణింపబడినది. కాల్యారి సంతలో గ్రుడ్లు, రొట్టెలు, కుప్పలుగా పోసిన కూరగాయలు చూచి ఆయన కలము కదము త్రొక్కినది. ధరలను కూడ విడువలేదు. మాందాస్ స్టేషను వద్ద రైలు ఉద్యోగులు కోసుకూర చారును జుఱ్ఱుకొను చప్పుడును వర్ణించిన ఘట్టము చదివి నేను ఒంటరిగా కూర్చుండి నవ్వితిని.

అయినను ఈ గ్రంథమునకు గుండెకాయ సోర్గోనో ఘట్టము. దూరమునుండి చెట్లనడుమ ముచ్చటగా కనుపించిన ఆ యూరు దగ్గఱకు పోవుసరికి మురికి వీథిగా మాఱినది. పూటకూటియింటి యజమాని చొక్కా మఱకలమయము. నిప్పు లేదు, తిండి లేదు. లారెన్సు మండిపడెను. ఎందుకింత కోపము, వచ్చినదానిని వచ్చినట్లు తీసికొనరాదా యని భార్య మందలించెను. తనను మందలించిన మాటను దాచక వ్రాయుట రచయిత నిజాయితీకి గుర్తు. పిదప చీకటిగదిలో పొయ్యిముందు ఒక ముసలివాడు మేకపిల్లను ఇనుపచువ్వకు గ్రుచ్చి కాల్చుచుండెను. క్రొవ్వుముద్దను నిప్పున మండించి, ఆ మండుచుక్కలను మాంసముపై రాల్చుచుండెను. ఈ పుటలలో రచయిత తన కోపమును మఱచిపోయినాడు. యాత్రాగ్రంథమున ఒక వంటను ఇంత ఓపికతో చూచిన రచన నేను మఱియొకటి చదువలేదు.

ఇక దోషము. లారెన్సు ఇటలీవారిపై ఒక ఫిర్యాదు పలుమాఱులు చేసెను. యుద్ధానంతరమున ఇటలీ నాణెము విలువ పడిపోయినది, బొగ్గు ప్రియమైనది. ఎక్కడికి పోయినను జనులు ఆయనను మనిషిగా చూడక, ఇంగ్లండు దేశమే నడచివచ్చినట్లు చూచి, మారకపురేటు మాట యెత్తిరి. నేను ఒక దేశమును కాను, ఒక మనిషిని అని ఆయన వేదన. ఈ వేదన న్యాయమైనది. కాని ఆయన మాత్రము సార్డీనియా మనుష్యులను ఎట్లు చూచెను? నలుపుతెలుపు దుస్తులు, పొడుగు టోపీలు ధరించిన రైతులను చూచి, లొంగని ప్రాచీనపురుషజాతి యని పొంగిపోయెను. అదే ద్వీపవాసి సైనికుల ఖాకీబట్ట తొడిగినచో, తన స్వత్వము పోయినదని విచారించెను. అనగా బట్టను చూచి మనిషిని నిర్ణయించినాడు. ఆ ఖాకీవారు యుద్ధమునుండి తిరిగివచ్చినవారు. లారెన్సు వెళ్లిపోయిన మూడునెలలకు, 1921 ఏప్రిల్‌లో, ఒరిస్తానో పట్టణమున అట్టి మాజీ సైనికులే కూడి సార్డీనియాకు స్వపరిపాలన కోరుచు ఒక పక్షమును స్థాపించిరి. ఆ ద్వీపమునకు ప్రత్యేక ప్రతిపత్తి 1948లో లభించినది. స్వత్వము పోయినదని రచయిత విచారించిన చోటనే అది మాటలాడ నేర్చుకొనుచుండెను. జోస్యము చెప్పలేదని యాత్రికుని తప్పుపట్టరాదు. కాని వారితో కూర్చుండి మాటలాడియుండిన, ఆ మాటలలో కొన్ని యైనను చెవిని పడియుండునుగదా.

మాట యనగా ఏ మాట? ఇచ్చటనే నా ముఖ్యమైన ఆక్షేపణ. లారెన్సునకు ఇటాలియను వచ్చును. ఆయన బల్లలవద్ద, బస్సులలో నడపిన సంభాషణలు చాలవఱకు ఆ భాషవే. ద్వీపవాసుల యింటిభాష వేఱు. సార్డు భాష లాటినునుండి పుట్టినదే యైనను ఇటాలియనునకు మాండలికము కాదు. ఇటాలియనువారు ‘చెంతో’ అను నూఱును నూఓరో ప్రాంతమువారు ‘కెంతు’ అందురు. లాటినులోని కకారమును వీరు నిలుపుకొనిరి. వారు చకారముగా మార్చుకొనిరి. ఇది చదివినప్పుడు నాకు మా తరగతిగది జ్ఞప్తికి వచ్చినది. మనము ‘చెవి’ యన్నదానిని కన్నడిగులు ‘కివి’ యందురు. మన ‘చేయి’ వారికి ‘కై’. హోసూరు పిల్లలు ఈ రెండును వీథిలో దినమును విందురు. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని వారెన్నడును అనుకొనరు.

వారి రొట్టె పేరు చూడుడు. నూఓరో పరిసరములందలి పశువులకాపరులు నెలలతరబడి నిలువయుంచుకొను రొట్టె యొకటి కలదు. పలుచని బిళ్ల పొయ్యిలో పూరీవలె పొంగును. దానిని అంచువెంబడి కోసి రెండు పొరలుగా విడదీసి, మరల కాల్చుదురు. అప్పడమువలె పెళపెళలాడును. సార్డు భాషలో దాని పేరు ‘పానె కరసావు’. ‘కరసారె’ యనగా రెండవమాఱు పెళుసుగా కాల్చుట. ఇటాలియనులో దీనికి వ్యాపించిన పేరు ‘సంగీతపు కాగితము’. ఒకటి చేసినవారి పేరు. అందులో పని యున్నది. రెండవది చూచినవారి పేరు, అందులో చమత్కారమున్నది. యాత్రికునకు చమత్కారమే ముందు దొరకును. మా యూరిలో రాగిపిండితో చేయు వంటకమును మనము ‘సంగటి’ యందుము, తమిళులు ‘కళి’, కన్నడిగులు ‘ముద్దె’. ఒకే వీథిలో, ఒకే కుండ. మా ప్రాంతపు భోజనమును మెచ్చుకొనుచు ఒకరు వ్రాసిన వ్యాసమును ఇటీవల చదివితిని. సంగటి వర్ణన చక్కగా నున్నది, ఫొటోయు చక్కగా నున్నది. దానిని వండిన యింట ఏ భాష పలుకుదురో ఒక్క పంక్తియు లేదు. ఆ వ్యాసకర్త లారెన్సును చదివెనో లేదో కాని, వంశము ఒకటే.

నూఓరోలో చూడవలసినదేమియు లేదని, లేకపోవుటయే హాయి యని లారెన్సు వ్రాసెను. చూడదగినవాని జాబితాలపై ఆయనకు గల విసుగు నాకును ఇష్టమే. కాని చూడవలసినది లేనిచోట వినవలసినది ఉండవచ్చును. ఆ యూరి స్త్రీలు గోదుమరవ్వ పిండిని చేతులతోనే సాగదీసి వెండ్రుకలంత సన్నని పోగులుగా తీసి, మూడు పొరలుగా అల్లి ఆరబెట్టుదురు. దానిపేరు ‘సు ఫిలిందెవు’. దేవుని పోగులని అర్థము. మే, అక్టోబరు మాసములలో జరుగు సంత ఫ్రాన్సిస్ ఉత్సవమునకు నూఓరోనుండి లూలా గ్రామపు గుడికి రాత్రియంతయు నడచిపోవు యాత్రికులకు దానిని గొఱ్ఱెమాంసపు చారులో వేసి వడ్డింతురు. జనవరిలో ఒక రాత్రి బసచేసినవానికి ఇది కనబడకపోవుట నేరము కాదు. అదే నూఓరోలో పుట్టిన గ్రాత్సియా దెలెద్దా 1926వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందినది. ఆమె నవల ‘లా మాద్రె’ ఆంగ్లానువాదమునకు 1928లో లారెన్సే పీఠిక వ్రాసెను. అనగా ద్వీపము ఆయనను విడువలేదు. దెలెద్దా కూడ తన నవలలను ఇటాలియనులోనే వ్రాసినది. ఇంటిభాష నుడికారమును అందులో ఇమిడ్చినది. మనలో తమిళమునను కన్నడమునను కలము పట్టి పేరుపొందిన తెలుగువారిని తలంచుకొన్న యెడల ఈ విషయమును తొందరపడి తూచరాదని తెలియును.

లారెన్సు పడమటి తీరమునకు పోలేదు. పోయియుండిన, మన సంచికకు మఱింత దగ్గఱి వస్తువు ఆయనకు దొరకెడిది. అక్కడ ఆల్గేరో యను కోటగోడల పట్టణము కలదు. 1354లో అరగోను రాజు నాలుగవ పేద్రో దానిని పట్టుకొని, పూర్వపు నివాసులను వెళ్లగొట్టి, కెటలాను జనులను నెలకొల్పెను. ఆఱున్నర శతాబ్దములు దాటినను కెటలాను భాష అచ్చట పూర్తిగా పోలేదు. పాతపట్టణమున వీథులపేర్లు రెండు భాషలలో వ్రాసియుందురు. కాని ఇండ్లలో పిల్లలతో మాటలాడువారు తగ్గిపోవుచున్నారని అచ్చటివారి చింత. ఇది మన చింతయే.

నైరృతమూలనున్న సాన్ పియెత్రో దీవిలో కార్లోఫోర్తె యను రేవు కలదు. దానివారి కథ మఱింత విచిత్రము. జెనోవా చెంతనున్న పెల్యీనుండి పదునాఱవ శతాబ్దమున ట్యునీసియా తీరమునందలి తబార్క దీవికి పగడములకై పోయి స్థిరపడిన జాలరులు, రెండువందలయేండ్ల పిదప, 1738లో ఇచ్చటికి వచ్చి ఊరు కట్టుకొనిరి. ఇప్పటికిని వారి నోట జెనోవా ప్రాంతపు లిగూరియను మాటయే. వారి కుండలో మాత్రము ‘కష్కా’ యను కూస్కూస్ ఉడుకును; అది ఆఫ్రికాతీరపు జ్ఞాపకము. ఏ యూరి రుచియైనను ‘స్థానికము’ అని ఒక్క మాటతో తేల్చువారు ఈ పళ్లెము ముందు కూర్చుండవలెను. ఇది ఏ స్థానమునకు చెందినది?

ఇటలీ ప్రభుత్వము 1999లో 482వ సంఖ్యగల శాసనమున అల్పసంఖ్యాకుల భాషలను గుర్తించినప్పుడు సార్డు భాషయు, ఆల్గేరో కెటలానును ఆ జాబితాలో చేరినవి. కార్లోఫోర్తెవారి నుడి చేరలేదు. 1997లో ద్వీపప్రభుత్వము చేసిన ప్రాంతీయశాసనము మాత్రము దానికి చోటిచ్చినది. వంటకము పర్యాటకుల పుస్తకములలోనికి ఎక్కినంత సులువుగా భాష ప్రభుత్వపు పుస్తకములలోనికి ఎక్కదు. కష్కాను మెచ్చుకొనుటకు శాసనము అక్కఱలేదు.

ఈ ద్వీపమున ఆలెస్ గ్రామమున 1891లో జన్మించిన ఆంతోనియో గ్రాంషి 1927 మార్చిలో కారాగారమునుండి తన చెల్లెలు తెరెజీనాకు వ్రాసిన జాబొకటి ప్రసిద్ధము. పిల్లలను సార్డు భాషలో స్వేచ్ఛగా మాటలాడనిమ్మనియు, అది మాండలికము కాదు, భాషయేననియు, మేనకోడలిని చిన్ననాడు అట్లు మాటలాడనీయకపోవుట పొరపాటనియు అందులో తెలిపెను. మా పాఠశాలకు వచ్చి, ఇంట తెలుగు మానిపింపుమందురా యని నన్నడుగు తల్లిదండ్రులకు ఈ జాబు సంగతి నేను చెప్పుచుందును. వారు వినుట కలదు, వినకపోవుటయు కలదు.

గడచిన ఏడు సోర్గోనో ఘట్టమును తెలుగు చేసి ఎనిమిదవ తరగతికి చదివి వినిపించితిని. మేకపిల్లమీద మండు క్రొవ్వుచుక్కలు రాలునప్పుడు పిల్లలు ఊపిరి బిగబట్టిరి. కథ నచ్చినదని అందఱును చెప్పిరి. ఇంట తెలుగు, వీథిలో తమిళము పలుకు బాలిక యొకతె లేచి, “సార్, ఆ ముసలాయన ఇంటిలో వాళ్లు అమ్మను ఏమని పిలుస్తారు?” అని అడిగినది. పుటలు త్రిప్పిచూచితిని. గంట కొట్టువఱకును దొరకలేదు.