పూత పసిగట్టే పొద్దారు

బ్రిటిషు కాలంలో ఉత్తర బెంగాల్‌లోని నౌగావ్ చుట్టుపక్కల పల్లెల్లో గంజాయి సర్కారు లైసెన్సుతో పండే పంట. ఆ ప్రాంతాన్ని గంజా మహల్ అనేవారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడి రైతు దుక్కి తానే దున్నుకునేవాడు, నారు తానే పోసుకునేవాడు, ఎరువూ తానే వేసుకునేవాడు. ఒక్క పనికి మాత్రం తన కంటిని తాను నమ్మక, కూలి ఇచ్చి మరొకరిని పిలిపించుకునేవాడు. ఆ వచ్చేవాడు పొద్దారు. దొరల కాగితాల్లో అతని పేరు ‘గంజాయి డాక్టరు’. పూత విచ్చకముందే చేలో నడుస్తూ ఏది మగమొక్కో గుర్తుపట్టి పెరికించేయడమే అతని వృత్తి.

ఈ పని మీద అంత పట్టింపు ఎందుకంటే, గంజాయిలో ఆడ మగ వేరువేరు మొక్కలు. మత్తునిచ్చే జిగురు ఎక్కువగా ఊరేది ఆడమొక్క పూల గుత్తుల్లో. పుప్పొడి సోకిందా, మొక్క బలమంతా గింజకు పోతుంది. సోకకపోతే గుత్తి వారాల తరబడి పెరుగుతూ, జిగురు కడుతూ ఉంటుంది. పుప్పొడి గాలికి కొట్టుకుపోయే రకం కాబట్టి ఒక్క మగమొక్క మిగిలిపోయినా నష్టం ఆ చేనుతో ఆగదు, పక్కచేలకూ పాకుతుంది. పొద్దారు పొరపాటు ఒక రైతుతో పోయేది కాదన్నమాట.

ఇంతకీ అతను చూసేది ఏమిటి? విత్తిన నెలా నెలన్నరకు, కాండానికి ఆకు తొడిమ అంటుకునే కణుపు దగ్గర ఒంటిపూల ఆనవాళ్లు మొదలవుతాయి. మగదైతే సన్నటి కాడ మీద చిన్న గుండు మొగ్గ. ఆడదైతే కోసుగా ఉన్న పచ్చని తొడుగు, దాని కొస నుంచి తొంగిచూసే రెండు తెల్లటి పోగులు. అప్పటిదాకా ఎదురెదురుగా పుట్టిన ఆకులు ఆ వయసు నుంచి ఒకటి విడిచి ఒకటి పుడతాయి. మగమొక్క సాధారణంగా ముందు బయటపడుతుంది, ఆడది కొన్నాళ్లు వెనక. ఆ కాస్త వ్యవధిలోనే మగమొక్కలన్నీ చేను దాటిపోవాలి. భూతద్దం లేదు, పుస్తకం లేదు. ఉన్నదల్లా అలవాటైన కన్ను.

అయితే కణుపు దగ్గర ఆనవాలు కనబడినంత మాత్రాన అసలు పూత వచ్చినట్టు కాదు. గుత్తులు కట్టాలంటే మొక్కకు వయసు చాలదు, రాత్రి పొడుగు పెరగాలి. రకాన్ని బట్టి పది నుంచి పన్నెండు గంటల ఎడతెగని చీకటి వరసగా కొన్నాళ్లు దొరికితేనే అది కొమ్మలు వేయడం తగ్గించి పూతకు తిరుగుతుంది. వృక్షశాస్త్రం ఈ కిటుకును మొదట పట్టింది ఈ మొక్క దగ్గరే అనాలి. ప్యారిస్‌లో జూలియన్ టూర్నువా అనే యువకుడు 1910 తర్వాతి కొద్ది సంవత్సరాల్లో నారనిచ్చే ఈ జాతి మొక్కను, దానికి దగ్గరి చుట్టమైన హాప్స్ తీగను పెంచుతూ, పగటి వెలుతురు కుదిస్తే అవి పసితనంలోనే పూస్తున్నాయని గమనించాడు. కారణం తగ్గిన పగలు కన్నా పెరిగిన రాత్రేనని కూడా అతనికి తోచింది. మొదటి ప్రపంచ యుద్ధం అతన్ని మింగేసింది. 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ పొగాకు, సోయా మొక్కల మీద ఇదే సంగతి రుజువు చేశారు. పేరు వాళ్లకు దక్కింది.

మన పెరటి గోంగూరదీ ఇదే స్వభావం. తొలకరికి విత్తితే నెలల తరబడి ఆకు ఇస్తుంది, దసరా దాటాక విత్తితే జానెడు ఎదగకుండానే పూతకొస్తుంది. హోసూరు వైపు చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించేది కూడా చీకటిని తుంచి పూత వాయిదా వేయడానికే. కెనడాలో 2018 నుంచి ఇంటికి నాలుగు, జర్మనీలో 2024 నుంచి పెద్దవాళ్లకు తలా మూడు మొక్కలు చట్టం ఒప్పుకుంది. అక్కడ గదుల్లో పెంచేవాళ్లు పద్దెనిమిది గంటల దీపాన్ని పన్నెండుకు తగ్గించి, తమకు కావలసిన రోజున శరదృతువు తెచ్చుకుంటారు. రాత్రితో పనిలేకుండా వయసును బట్టే పూసే రకమూ ఒకటుంది. రష్యా ప్రాంతపు ఆ పొట్టి మొక్కను 1924లో యానిషెవ్‌స్కీ వర్ణించాడు.

గంజా మహల్ పంచాంగం ఈ లెక్కకు అతికినట్టు సరిపోతుంది. ఆగస్టులో నారుమడి, సెప్టెంబరులో బోదెల మీద నాట్లు, రాత్రులు సాగుతున్న నవంబరులో కింది కొమ్మల నరుకుడు, ఆ వెంటే పొద్దారు రాక. జనవరికి గుత్తులు నిండేవి. ఫిబ్రవరిలో కోసి, ఎండకూ మంచుకూ పెట్టి, కాళ్లతో తొక్కి చదును చేస్తే ఒక రకం సరుకు, గుండ్రంగా చుడితే ఇంకో రకం, రాలిన పొడి మూడో రకం. హేమ్ చందర్ కేర్ 1877లో, కలకత్తా వృక్షశాస్త్రవేత్త డేవిడ్ ప్రెయిన్ 1893లో ఈ సాగు మీద నివేదికలు రాశారు.

ప్రెయిన్ నివేదిక వచ్చిన ఏడాదే ప్రభుత్వం ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్‌ను వేసింది. అది 1,193 మంది సాక్షులను విచారించింది. మద్రాసు రాజధానిలో గంజాయి పండే చోట్లలో ఒకటిగా ఆ కమిషన్ నివేదిక చెప్పింది మన తెలుగు ఊరినే: అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా దగ్గుబాడు. నల్లరేగడిలో ఈ పంట కూడా ఉండేదంటే ఇవాళ ఆ ఊరున్న పర్చూరు వైపు వాళ్లే నమ్మరేమో!

నౌగావ్ రైతులు 1917లో సహకార సంఘం పెట్టుకున్నారు. దాని డబ్బుతో బడులు, వైద్యశాలలు వెలిశాయి. 1980ల చివర్లో సాగు నిషేధంతో పొద్దారు వృత్తి కూడా ముగిసింది. ఆ పంట ఆగినందుకు నాకు బాధ లేదు. ఆ చూపు గురించి మనకు తెలిసినదంతా సర్కారు నివేదికలు రాసినంతే కావడం మాత్రం పెద్ద లోటు. సూక్ష్మదర్శిని ఎరగని మనిషి మొక్క లింగాన్ని మొగ్గలోనే పోల్చుకున్నాడు. అది శాస్త్రం కాదనడం అన్యాయం.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా పూత దగ్గరే గీత గీసింది. పూత గానీ కాయ గానీ ఉన్న కొసలే దాని దృష్టిలో గంజాయి. అవి లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. అలాగని పూత రాని మొక్కకు ఏమీ కాదనుకుంటే పొరపాటే. అనుమతి లేకుండా పెరట్లో ఒక్క మొక్క పెంచినా నేరమే: పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా.