ఋషిఋణం

ఈ గ్రంథం నా చేతికి రాకముందే దాని నాదం నా చెవికి చేరింది. గడచిన మాఘమాసంలో ఒక సాయంకాలం నా ప్రియశిష్యుని కుమార్తె, హ్యూస్టన్ నగరంలో ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళలన్నీ సంగీత వ్యాసంగానికే ధారపోస్తున్న చిరంజీవి, ఈ గ్రంథ రచయిత్రి, మా వసారాలో నా పడకకుర్చీ పక్కన పీట వేసుకొని కూర్చుని, "తాతగారూ, ముందు ఇది వినండి, పుస్తకం సంగతి తరువాత" అంటూ తన ఫోను కుర్చీ చేతిమీద ఉంచింది. పియానో మోగింది. ఎడమచేయి మంద్రస్థాయిలో నింపాదిగా నడుస్తుండగా కుడిచేతి వేళ్లు ప్రతి దెబ్బనూ మూడు సమభాగాలు చేసి స్వరాలను గుత్తులు గుత్తులుగా రాలుస్తున్నాయి. కొంతసేపటికి చూసుకుంటే నా చూపుడువేలు కుర్చీ చేతిమీద తకిట, తకిట, తకిట, తకిట అని వేస్తున్నది. "తిశ్రగతి కదమ్మా ఇది!" అన్నాను. "అందుకే మీ దగ్గరికి తెచ్చాను" అన్నది.

ఆ చేతులు ఫ్యాట్స్ డొమినోగా లోకప్రసిద్ధుడైన ఆంట్వాన్ డొమినోవి. అమెరికా దక్షిణాన మిసిసిపీ నది సాగరంలో కలిసే ముందు వంపులు తిరిగే చోట వెలసిన న్యూ ఆర్లీన్స్ నగరంలో, ఇంట ఫ్రెంచి మాట్లాడుకునే క్రియోల్ కుటుంబంలో, 1928 ఫిబ్రవరి 26న ఎనిమిదిమంది సంతానంలో కడగొట్టువాడుగా జన్మించి, బావగారైన హారిసన్ వెరెట్ పియానో మెట్లమీద స్వరాల పేర్లు రాసి చూపగా విద్య ఆరంభించి, పగలు పరుపుల స్ప్రింగుల కర్మాగారంలో పనిచేస్తూ రాత్రులు చిన్నచిన్న పానశాలల్లో వాయించుకుంటూ పైకి వచ్చిన ఈ మితభాషి, ఆ తరువాత దశాబ్దం తిరిగేలోగా ఒక నూతన సంగీత సంప్రదాయానికి మూలపురుషులలో ఒకడుగా గణుతికెక్కాడు. 1969లో లాస్ వేగస్‌లో ఒక విలేఖరి ఎల్విస్ ప్రెస్లీని రాజుగా సంబోధిస్తే, ఆయన ఆ బిరుదు తనది కాదని పక్కనే ఉన్న డొమినోను చూపించాడు. 1986లో రాక్ అండ్ రోల్ కీర్తిమందిరంలో మొట్టమొదటి వరుసలోనే ఆయనకు పీఠం లభించింది.

వాద్యబృంద నాయకుడు, బూరా విద్వాంసుడు డేవ్ బార్తలోమ్యూ స్నేహం లేకపోతే ఈ ప్రతిభ ఏ పానశాలలోనో అణగిపోయేదేమో. వారిద్దరూ కలిసి 1949 డిసెంబరు 10న, ర్యాంపార్ట్ వీధిలో గృహోపకరణాలూ గ్రామఫోను రికార్డులూ అమ్మే దుకాణం వెనుక గదిలో కోసిమో మటాసా నడుపుకుంటున్న చిన్న స్టూడియోలో, 'ది ఫ్యాట్ మ్యాన్' అనే పాటను రికార్డు చేశారు. రాక్ అండ్ రోల్‌కు తొలి రికార్డు ఏది అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఆ పాట పేరు వినబడుతుంది. నాకు అంతకంటె ముఖ్యంగా తోచింది మరొకటి: ఆ పాట సొంత వరస కాదు. ఛాంపియన్ జాక్ డుప్రీ అంతకుముందే పాడిన 'జంకర్ బ్లూస్' అనే పాటకు అది కొత్త మాటల రూపం. అలాగే డొమినోకు దిగంతకీర్తి తెచ్చిన 'బ్లూబెర్రీ హిల్' ఆయన 1956లో పాడేనాటికి పదహారేళ్ల పాతది. గ్లెన్ మిల్లర్ బృందమూ లూయీ ఆర్మ్‌స్ట్రాంగూ పాడి విడిచినది. ఒకరి నుంచి పుచ్చుకోకుండా ఏ గాయకుడూ గాయకుడు కాలేదు.

పుచ్చుకోవడంలో రెండు తీరులున్నాయని మాత్రం ఇక్కడ చెప్పక తప్పదు. 1955లో డొమినో, బార్తలోమ్యూలు కలిసి 'ఎయింట్ దట్ ఎ షేమ్' అనే గీతం సృష్టించారు. నల్లజాతి గాయకుల రికార్డులకు ఎన్నో రేడియో కేంద్రాల తలుపులు మూసి ఉన్న ఆ కాలంలో, అదే పాటను శ్వేతజాతి యువకుడు ప్యాట్ బూన్ పాడగా అది దేశంలో ప్రథమస్థానం అందుకున్నది. మూలగాయకుని రికార్డు అదే పట్టికలో పదో స్థానం దగ్గర ఆగింది. రచయితలుగా రావలసిన సొమ్ము వారికి వచ్చింది, నిజమే. కాని తన కంఠానికి రావలసిన పీఠం మీద మరొక కంఠం కూర్చోవడం ఏ గాయకునికైనా సామాన్యమైన కష్టమా? తాళపత్ర ప్రతులు పరిష్కరించడంలో జీవితం గడిపినవాణ్ని కనుక నా భాషలో చెబుతాను. మూలకర్త పేరు పైన నిలిపి తన చదువు కింద చూపితే అది పాఠాంతరం. మూలం జాడ చెరిపి రాసుకుంటే దానికి ఆ గౌరవం లేదు. ఈ పుస్తకం దేనిని గురించినదో ఆ సంపుటి, డొమినో పాటలను ఇతర గాయకులు మళ్లీ పాడిన 'గోయిన్ హోమ్', ముప్పది పాఠాంతరాల సముచ్చయం. దాని విలువ గ్రహించాలంటే దానికి హేతువైన జలప్రళయం సంగతి తెలియాలి.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను విరుచుకుపడి, కాలువ వెంట కట్టిన వరదగోడలు తెగినప్పుడు నీట మునిగిన లోయర్ నైన్త్ వార్డు డొమినో పుట్టి పెరిగిన పేట. కోట్ల రికార్డులు అమ్ముడైనా ఆయన ఆ పేట విడిచి ధనికుల వాడకు తరలలేదు. భార్య రోజ్‌మేరీ అస్వస్థతతో ఉన్నందున ఆ రాత్రి సైతం ఇల్లు కదలలేదు. కొన్ని దినాలు ఆయన జాడ తెలియలేదు. ఎవరో అభిమాని ఆయన మరణించాడనే తలచి ఆ ఇంటి గోడమీద రంగుతో వీడ్కోలు మాట రాసి వెళ్లాడు. తీరా ఆయనను పడవ మీద కాపాడారని లోకానికి తెలిసింది. ప్రాణం దక్కింది, పియానోలు బురదపాలయ్యాయి, గోడలకు వేలాడిన బంగారు రికార్డులలో మూడు తప్ప అన్నీ పోయాయి, దేశాధ్యక్షుడు ఇచ్చిన జాతీయ కళాపతకమూ పోయింది.

ఈ ఘట్టం చదువుతుండగా నా మనస్సు 1977 నవంబరుకు వెళ్లింది. దివిసీమ ఉప్పెన తరువాత సహాయబృందంతో వెళ్లినప్పుడు, ఒక గ్రామంలో భజనమందిరం ముందు ఎవరో హార్మోనియం ఒకటి బురదలోంచి తీసి ఎండకు పెట్టారు. ఒక వృద్ధుడు దాని దగ్గర కూర్చొని మెట్టు నొక్కాడు. సందుల్లోంచి ఉప్పునీరు జారింది గాని స్వరం పలకలేదు. ఆయన ఇంకో మెట్టు నొక్కాడు. నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు జోలె పట్టి ఊరూరా తిరిగిన రోజులవి. కళాకారుడు ఆపన్నులకోసం చేయి చాచడం మనం కళ్లారా చూసిన సంగతే.

న్యూ ఆర్లీన్స్‌లోనూ అదే జరిగింది. ఆ ఊరి ప్రసిద్ధ సంగీతశాల పేరిట వెలసిన టిపిటినాస్ ఫౌండేషన్, ఊరి సంగీతజ్ఞులను నిలబెట్టడానికీ పాఠశాలల పిల్లలకు వాద్యాలు సమకూర్చడానికీ పూనుకొని, 2007 సెప్టెంబరు 25న ఈ జంట డిస్కుల సంపుటిని వెలువరింపజేసింది. తల్లి దగ్గర నేర్చిన తొలి రాక్ పాట 'ఎయింట్ దట్ ఎ షేమ్' అని చెప్పుకున్న జాన్ లెనన్ 1975లో పాడిన ప్రతితోనే సంపుటి మొదలవుతుంది. ఆయన అప్పటికి దివంగతుడై దాదాపు ఇరవయ్యేడేళ్లు. ఎల్టన్ జాన్ 'బ్లూబెర్రీ హిల్' పాడాడు. సంపుటికి పేరిచ్చిన పాటను బి.బి.కింగ్ పాడాడు, పండిత రవిశంకర్ గారి కుమార్తె నోరా జోన్స్ 'మై బ్లూ హెవెన్'ను తన మృదుస్వరంలో ఒదిగించుకున్నారు. జమైకా ద్వీపవాసులైన టూట్స్ బృందమూ స్కాటలైట్స్ బృందమూ ఇందులో ఎందుకున్నారని పాఠకుడు అడగవచ్చు. న్యూ ఆర్లీన్స్ పాటలు రేడియో తరంగాల మీద సముద్రం దాటి ఆ ద్వీపం చేరాయి. అక్కడి స్కా సంగీతపు నడకలో డొమినో పియానో నడక ఉన్నది. వారు కూడా ఈ ఇంటి బిడ్డలే.

ముప్పది పాటలూ ఒకే ఎత్తున లేవు. కొందరు తమ కంఠవైభవం మీది మమకారంతో తిశ్రపు ఊగును జారవిడిచారు. రచయిత్రి ఆ మాట నిర్భయంగానే, అయినా వినయం తప్పకుండా చెప్పింది. ఒక్కొక్క పాటకు మూలాన్నీ పునర్గానాన్నీ పక్కపక్కన పెట్టుకొని, కాలం ఎక్కడ విలంబించింది, శ్రుతి ఎంత మారింది, ఏ వాద్యం ఏ వాద్యం స్థానం పుచ్చుకొన్నది అని ఆమె పట్టికలు వేసుకొన్న నోటుపుస్తకాలు నాలుగింటిని నేను స్వయంగా తిరగవేశాను. ప్రతిభేదాలు గుర్తించడానికి మా తరం పడ్డ శ్రమకు ఇది ఏమాత్రం తీసిపోదు. యువ వాద్యబృందాలను గురించిన ప్రకరణం మరికొంత విస్తరించి ఉంటే బాగుండేది. రెండవ ముద్రణలో ఆ లోటు తీరుస్తానని మాట ఇచ్చింది. తెలుగులో ఇటువంటి సంగీతానికి ఇంత శ్రద్ధతో కూడిన పరిశీలన నేను చూడడం ఇదే ప్రథమం.

దేవఋణం యజ్ఞంతోనూ, పితృఋణం సంతానంతోనూ, ఋషిఋణం అధ్యయనంతోనూ తీరుతాయని పెద్దల మాట. ఆ గాయకులు పాడి తీర్చుకొన్నారు, ఈ అమ్మాయి విని తీర్చుకొన్నది. ఆమెకు నా ఆశీస్సులు.

పాఠకునికి ఒక్క విన్నపం. ప్రతి ప్రకరణానికీ ముందు డొమినో పాడినది వినండి, తరువాతనే రెండవది. అలా వింటూ వింటూ పాల్ మెకార్ట్నీ, అలెన్ టూసాంట్ కలిసి చేసిన 'ఐ వాంట్ టు వాక్ యూ హోమ్' దగ్గరకు వచ్చినప్పుడు కాస్త ఆగండి. మెకార్ట్నీ తన బృందం కోసం 'లేడీ మడోన్నా' కట్టినప్పుడు డొమినో పియానో ధోరణినే మనస్సులో పెట్టుకొన్నాడు; ఆ పాట వెలువడిన 1968లోనే డొమినో దానిని తాను పాడి, శిష్యుని కానుకను గురువు స్వీకరించినట్లు స్వీకరించాడు. టూసాంట్ సంగతి మరీ విశేషం. 1957 ప్రాంతంలో, డొమినో ఊళ్ల వెంట కచేరీలలో ఉండి స్టూడియోకు రాలేకపోయినప్పుడు, ఇరవై ఏళ్లయినా నిండని ఆ కుర్రవాణ్ని బార్తలోమ్యూ పిలిపించి, డొమినో వాయించినట్లే వాయించమని పియానో ముందు కూర్చోబెట్టాడు. ఆ పిల్లవాడు గురువు వేళ్ల నడక తన వేళ్లకు తెచ్చుకొని వాయించాడు, రికార్డు మీద డొమినో పేరే ఉన్నది. యాభై ఏళ్ల తరువాత ఈ సంపుటిలో అదే రుణానికి తన పేరుతో చేవ్రాలు చేశాడు. మెకార్ట్నీ గొంతు వెనుక ఆ కుడిచేతిని వినండి.