పాతిపెట్టిన పనికి తరాల పూచీ

గోడకు బీట పడితే మేస్త్రీని పిలుస్తాం. స్లాబు కారితే పైకప్పు తడిసి తెలిసిపోతుంది. నేల కింద అరవై మీటర్ల లోతున పోసిన కాంక్రీటులో ఒక చోట ఖాళీ మిగిలిపోతే మాత్రం పైనుంచి ఎవరి కంటికీ కనిపించదు. అది బయటపడే నాటికి దాని మీద భవనమో ఆనకట్టో లేచి ఉంటుంది. నేలను గట్టిపరచడం, పునాదులు దింపడం అనే వృత్తికి ఉన్న కష్టమంతా ఇక్కడే ఉంది. చేసిన పనిని చేసినవాడే మట్టిలో కప్పేస్తాడు. దానికి పూచీ పడేది ఎవరు?

ఈ ప్రశ్నకు జర్మనీలోని ఒక కుటుంబం చెప్పిన జవాబు నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. బవేరియా రాష్ట్రంలో, మ్యూనిక్‌కు వాయవ్యంగా, ష్రోబెన్‌హాసెన్ అనే చిన్న పట్టణం ఉంది. చుట్టుపక్కల పొలాల్లో పండే ఆస్పరాగస్‌కు ఆ ఊరు పేరుపొందింది. దుబాయి బుర్జ్ ఖలీఫా పునాదుల్లోనూ, మన గోదావరి గర్భంలోని పోలవరం గోడలోనూ పాలుపంచుకున్న బావర్ కంపెనీది ఆ ఊరే.

రాగి నుంచి నీటికి

1790లో సెబాస్టియన్ బావర్ అనే కంచరి ఆ పట్టణంలో ఒక దుకాణం కొన్నాడు. వందేళ్లకు పైగా రాగి పనే ఆ ఇంటి వృత్తి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఆండ్రియాస్ బావర్ కాలంలో, ఆ ఇల్లు బావుల పనిలోకి దిగింది. ఊరి రైల్వే స్టేషన్‌కు ఆర్టీసియన్ బావి వేసింది. 1928లో కార్ల్ బావర్ హయాంలో పట్టణానికి నీటి సరఫరా వ్యవస్థను నిర్మించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బవేరియా అంతటా బావులు తవ్వుతూ, నీటి గొట్టాలు వేస్తూ పోయింది.

ఈ బావుల కాలమే తర్వాతి విద్యలన్నిటికీ బడి అయింది. బోరు వేసేవాడికి నేలను పొరలు పొరలుగా చదవడం అబ్బుతుంది. మన పల్లెల్లో బోరు బండి దగ్గర డ్రిల్లరు పైకొచ్చిన పొడిని అరచేతిలో నలిపి చూసి, మెత్తరాయి దాటామో లేదో చెప్పేస్తాడు. అలాంటి చూపు పుస్తకాల్లో దొరకదు, పెద్దవాళ్ల పక్కన నిలబడితేనే వస్తుంది. ఇసుకలో బోరు గోడ ఎందుకు కూలుతుంది, కేసింగు ఎంతవరకు దించాలి, ఊట ఎక్కడ ఎదురుతన్నుతుంది? ఇవన్నీ తెలిసిన ఇంట్లోనే 1958 నాటి మలుపు సాధ్యపడింది.

మట్టిలో పట్టు

1956లో కార్ల్‌హైంజ్ బావర్ కంపెనీ పగ్గాలు చేపట్టారు. ఇంజినీరింగ్ చదివిన యువకుడు. రెండేళ్ల తర్వాత మ్యూనిక్‌లో బవేరియా రేడియో సంస్థ భవనం కోసం లోతైన గుంత తవ్వాల్సి వచ్చింది. అలాంటి గుంతకు నాలుగువైపులా మట్టి లోపలికి తోసుకొస్తుంది. అడ్డంగా దూలాలు బిగించి ఆపవచ్చుగాని, గుంత నిండా దూలాలుంటే పని సాగదు. గోడను లోపలి నుంచి నెట్టి పట్టుకునే బదులు వెనక మట్టిలోకి లాగి కట్టేస్తే గుంత ఖాళీగా ఉంటుంది. రాతిలో ఇలా కట్టడం అప్పటికే తెలుసు. ఫ్రెంచ్ ఇంజినీరు ఆండ్రే కోయిన్ 1934లోనే అల్జీరియాలోని షెర్ఫా ఆనకట్టను కింది రాతికి యాంకర్లతో బిగించారు. మ్యూనిక్ కింద ఉన్నది రాయి కాదు, గులకరాళ్ల పొర. వదులు గులకలో ఇనుము దేన్ని పట్టుకుంటుంది?

దానికి కార్ల్‌హైంజ్ ఇచ్చిన సమాధానమే ఇంజెక్షన్ యాంకర్. గోడ నుంచి ఏటవాలుగా కిందికి సన్నని బోరు వేస్తారు. అందులోకి ఉక్కు కడ్డీ దించి, కొసన సిమెంటు పాలను ఒత్తిడితో ఎక్కిస్తారు. ఆ పాలు చుట్టూ గులకల సందుల్లోకి చొరబడి గట్టిపడి, కడ్డీ కొసన ఒక లావుపాటి గడ్డలా తయారవుతాయి. మధ్య భాగాన్ని సిమెంటు పట్టకుండా వదిలేస్తారు కాబట్టి కడ్డీ అక్కడ సాగగలదు. సిమెంటు ఆరాక జాకీతో కడ్డీని లాగి, గోడకు బిగించి తాళం వేస్తారు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఒకటుంది. యాంకరును బిగించే ముందు, అది రేపు మోయాల్సిన బరువుకన్నా ఎక్కువ బరువుతో లాగి చూస్తారు. నాలుగైదు చూసి మిగతావి బాగున్నాయనుకోవడం ఉండదు, ప్రతి యాంకరూ పరీక్షకు నిలవాలి. కనిపించని పనిని కొలిచి చూపే దారి ఆ పనిలోనే ఉంది. ఈ వృత్తి గౌరవం అక్కడ మొదలైంది.

పనిచేసేవాడే యంత్రం కట్టాలి

యాంకర్ల గిరాకీ పెరిగేకొద్దీ బజారులో దొరికే డ్రిల్లింగ్ యంత్రాలు చాలలేదు. 1969లో కంపెనీ తన సొంత యాంకర్ రిగ్గు తయారు చేసుకుంది. 1976లో బీజీ 7 అనే భారీ రోటరీ రిగ్గు వచ్చింది. నేడు ప్రపంచమంతటా పైలింగ్ సైట్లలో కనిపించే బీజీ రిగ్గుల వరసకు అది తొలి బిడ్డ. ఒకదానిలో ఒకటి ఒదిగే కెల్లీ బారు చివర బకెట్టు తగిలించి, తిప్పుతూ మట్టి తోడి, గుంత పూర్తయ్యాక అడుగు నుంచి పైకి గొట్టంతో కాంక్రీటు నింపడం దీని పని. బుర్జ్ ఖలీఫా బురుజు కింద ఇలా దింపిన 192 పైళ్లున్నాయి. ఒక్కొక్కటి 1.5 మీటర్ల వ్యాసం, నేల మట్టం నుంచి సుమారు 50 మీటర్ల లోతు. వాటిని దింపిన సంస్థల్లో బావర్ ఒకటి.

యంత్రాలమ్మే సంస్థలు, పైళ్లు దింపే కాంట్రాక్టర్లు చాలాచోట్ల వేర్వేరు. ఇక్కడ రెండూ ఒకే గొడుగు కింద ఉన్నాయి. సైటులో ఆపరేటరుకు ఎదురైన ఇబ్బంది ఫ్యాక్టరీలో డిజైనరు బల్ల మీదికి వస్తుంది. డిజైనరు గీసిన మార్పు తిరిగి మట్టిలో పరీక్షకు వెళ్తుంది. ఆ తర్వాత కంపెనీ తన యంత్రాలను తనతో పోటీపడే కాంట్రాక్టర్లకు కూడా అమ్మింది. తమ చేతిపనితనం మీద నమ్మకం ఉన్నవాళ్లే ఆ తెగువ చేయగలరు.

కోసే చక్రాలు, కలిపే చక్రాలు

1984లో బవేరియాలోని బ్రోంబాఖ్ జలాశయం ఆనకట్ట కింద నీరు ఊరకుండా అడ్డుగోడ వేయడానికి బీసీ 30 అనే ట్రెంచ్ కట్టర్ వచ్చింది. ఫ్రాన్స్‌లోని సోలెటాంష్ సంస్థ అంతకుముందే ఇలాంటి యంత్రాన్ని తెచ్చింది. బావర్ తన పద్ధతిలో దాన్ని కట్టుకుంది. పొడవాటి ఉక్కు చట్రం అడుగున పళ్లున్న చక్రాలు ఎదురెదురుగా తిరుగుతూ మట్టినీ రాతినీ కోస్తాయి. కోసిన ముక్కలను పంపు బెంటోనైట్ నీళ్లతో కలిపి పైకి లాగుతుంది. పైన ఇసుకను వడకట్టి, బెంటోనైట్‌ను మళ్లీ గుంతలోకి పంపుతారు.

అంత లోతైన సన్నని గుంత కూలకుండా నిలబడేది ఆ బెంటోనైట్ వల్లనే. ఈ బంకమట్టి నీళ్లు గుంత గోడలకు పట్టి, పేడతో అలికిన మట్టిగోడలా సందులను మూసేస్తాయి. లోపలి ద్రవం బరువు ఆ పొర మీద నొక్కి మట్టిని వెనక్కి నిలిపి ఉంచుతుంది. గోడను ఒకేసారి పోయరు. ఒక ప్యానెల్ విడిచి ఒక ప్యానెల్ పోసి, మధ్యవాటిని తవ్వేటప్పుడు ఇరుపక్కలా గట్టిపడిన కాంక్రీటును కొంచెం కోసుకుంటూ దిగుతారు. అప్పుడే అతుకు బిగుసుకుంటుంది. ఎనభై మీటర్ల లోతుకు దిగేసరికి నిలువులో ఒక్క శాతం వాలినా అడుగున ఎనభై సెంటీమీటర్లు పక్కకు పోయినట్టే. రెండు ప్యానెళ్ల మధ్య కిటికీ తెరుచుకుంటుంది, నీరు ఆ దారి పట్టేస్తుంది. అందుకే చట్రంలో వాలు కొలిచే పరికరాలుంటాయి. ఆపరేటరు తెర మీద దాన్ని చూస్తూ, ఎప్పటికప్పుడు సరిచేస్తూ దింపుతాడు.

2000ల మొదట్లో సోలెటాంష్ బాషీ సంస్థతో కలిసి బావర్ ఇదే చక్రాలకు ఇంకో పని నేర్పింది. మట్టిని పైకి తోడకుండా, ఉన్నచోటనే సిమెంటు పాలతో కలిపేయడం. దీన్ని కట్టర్ సాయిల్ మిక్సింగ్ అంటారు. నేలను గట్టిపరచడం అనే మాటకు ఇది నిండైన ఉదాహరణ. లారీల కొద్దీ మట్టిని బయట పారబోసి, లారీల కొద్దీ కంకర తెచ్చే అవసరం చాలావరకు తప్పుతుంది. ఆ స్థలంలో ఉన్న మట్టే గోడ అవుతుంది. అయితే ప్రతి మట్టీ ఇందుకు ఒప్పుకోదు. కుళ్లిన ఆకుల పొరలు సిమెంటును సరిగా గట్టిపడనివ్వవు, పెద్ద బండరాళ్లు చక్రాలను ఆపేస్తాయి. ముందుగా మట్టి నమూనాలు తీసి, ప్రయోగశాలలో పాళ్లు తేల్చుకున్న తర్వాతే యంత్రం దించాలి.

గోదావరి గర్భంలో

పోలవరంలో ప్రధాన ఆనకట్ట మట్టి, రాళ్లతో కట్టేది. దాని కింద గోదావరి యుగాలుగా పోసిన ఇసుక ఉంది. గట్టి రాయి కొన్నిచోట్ల 90 మీటర్ల దాకా కిందికి ఉంది. ఆ ఇసుకలోంచి నీరు జారితే ఆనకట్ట అడుగు కొట్టుకుపోతుంది. అందుకే సుమారు 1,396 మీటర్ల పొడవున, 1.5 మీటర్ల మందంతో, రాతిలో దిగేదాకా డయాఫ్రమ్ వాల్ అనే అడ్డుగోడ తలపెట్టారు. ఇందులో వాడేది ప్లాస్టిక్ కాంక్రీట్. బెంటోనైట్ కలిపిన ఈ కాంక్రీటు చుట్టూ ఇసుక కాస్త కదిలినా పగలకుండా దానితో పాటు ఒదుగుతుంది.

ఎల్ అండ్ టీతో కలిసి బావర్ వేసిన తొలి గోడ 2018లో పూర్తయింది. తర్వాతి సంవత్సరాల వరదల్లో, అసంపూర్తిగా ఉన్న కాఫర్ డ్యాముల (తాత్కాలిక అడ్డుకట్టల) మధ్య ప్రవాహం ఉరవడికి ఇసుక కోసుకుపోయి, గోడ కొన్నిచోట్ల దెబ్బతింది. 2025 జనవరిలో దాని పక్కనే కొత్త గోడ పని మొదలైంది, మళ్లీ బావర్ కట్టర్లతోనే. తెలుగువాళ్లు కోట్ల రూపాయలూ ఏళ్ల కాలమూ వెచ్చించి నేర్చుకున్న పాఠం ఇది. నేల కింది పని విడిగా నిలవదు. దాని ముందు, వెనక పనులు వరస తప్పకుండా సాగితేనే అది నిలుస్తుంది.

ఇంటి పేరు, ఇంటి విలువ

1986లో తోమస్ బావర్ తండ్రి నుంచి బాధ్యత అందుకున్నారు. 2006లో కంపెనీ స్టాక్ మార్కెట్‌లోకి వెళ్లింది. 2018 నుంచి నిర్వహణ పగ్గాలు కుటుంబం బయటివారి చేతిలో ఉన్నాయి. 2023లో షేర్లు మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. కాబట్టి వంశం ఉంటే చాలు, అన్నీ నిలుస్తాయనడం సరికాదు. నిలిచింది వేరే: నేలను ముందు చదవడం, ప్రతి యాంకరునూ లాగి చూడడం, ప్రతి ప్యానెల్ వాలునూ రాసిపెట్టడం, సైటునూ వర్క్‌షాపునూ విడదీయకపోవడం. ఈ అలవాట్లు ముందు ఒక ఇంట్లో పుట్టి పెరిగాయి కాబట్టే పరాయివాళ్లు వచ్చినా సంస్థ వాటిని మోయగలుగుతోంది.

మన దగ్గరా నేల సవాళ్లకు కొదవ లేదు. కృష్ణా గోదావరి డెల్టాల మెత్తటి బంక, ఎండితే నెర్రెలు విచ్చే నల్లరేగడి, హైదరాబాద్ కింద ఒకచోట పొడిగా ఒకచోట బండగా ఉండే గ్రానైటు. వీటి మీద ఏటేటా పైళ్లు దింపుతున్న ఆపరేటర్లకూ ఫోర్‌మెన్లకూ తెలిసినదంతా ఎక్కడా రాతలోకి ఎక్కడం లేదు. వాళ్లు రిటైరైతే ఆ విద్య కూడా వాళ్లతోనే పోతుంది. మట్టి పరీక్షకు పెట్టే ఖర్చు దండగని అనుకునే యజమానులు ఇంకా ఉన్నారు. పైళ్లు దింపే ప్రతి సంస్థ ప్రతి బోరు వివరాల పట్టికనూ భద్రపరచాలి. దాన్ని పక్క సైటుకు అందుబాటులో ఉంచాలి. రిగ్గు మీద ఇరవై ఏళ్లు గడిపిన మనిషిని కొత్తవాళ్లకు గురువుగా కూర్చోబెట్టాలి. ఇందుకు ఏడు తరాలు ఆగనక్కర్లేదు. రేపు పొద్దున దింపే మొదటి పైలు నుంచే మొదలుపెట్టవచ్చు.