పుట్టింటికొచ్చిన పక్షులు

నేలపట్టు గురించి ఎవరు రాసినా ఒక వాక్యం తప్పకుండా వస్తుంది: పక్షులు కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాంటివని. నేనూ ఒకప్పుడు రాశాను, మెచ్చుకోళ్ళు కూడా అందుకున్నాను. ఇప్పుడు ఆ పోలికను తిరిగి చదువుకుంటే నాకే ఇబ్బందిగా ఉంది.

పోలిక ఊరికే పుట్టలేదు. ఈశాన్య రుతుపవనాలతో పాటు అక్టోబరు నుంచి గూడబాతులు ఆ చెరువుకు చేరతాయి. నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలాలకు బలమని రైతులంటారు. 1976లో ప్రభుత్వం దాన్ని రక్షిత కేంద్రంగా ప్రకటించకముందే ఊళ్ళు ఆ పక్షుల్ని కాచుకున్నాయి. (2022 ఏప్రిల్‌లో నేలపట్టు తిరుపతి జిల్లాలో కలిసింది. మా నెల్లూరు వాళ్ళ నోట ఇంకా నెల్లూరు పక్షులే.) పక్షిని కూతురనుకున్న ఊరు దాని మీద రాయి వెయ్యదు. అంతవరకు ఆ మాట చేసిన మేలు నేను కాదనను.

అయితే ఏ కూతురు? కాన్పుకొచ్చి, బిడ్డనెత్తుకుని, చెప్పిన రోజుకి వెళ్ళిపోయే కూతురు. వెళ్ళకుండా ఉండిపోయిన కూతురికి ఈ పోలికలో చోటు లేదు. ఇంకో చమత్కారముంది. గూడబాతుల్లో ఆడా మగా ఇద్దరూ గుడ్లు పొదుగుతారు, ఇద్దరూ పిల్లలకు మేత పెడతారు. పిల్ల తన ముక్కును తల్లి గొంతులోకి ఎలా దూర్చి తింటుందో, తండ్రి గొంతులోకీ అలాగే దూరుస్తుంది. మన పోలిక పుణ్యమా అని ఆ తండ్రి పక్షి కాస్తా మాయమైపోయాడు. పొదిగే మగవాణ్ణి కళ్ళెదుట చూస్తూ కూడా మనం కాన్పునే చూశాం!

అస్సాంలో పూర్ణిమాదేవి బర్మన్ ఇదే పోలికను వేరుగా వాడారు. కామరూప్ జిల్లా దాదరాలో జనం అసహ్యించుకునే హర్గిలా కొంగల గూళ్ళున్న చెట్టును 2007లో కొట్టేయడం చూసి ఆమె పని మొదలుపెట్టారు. అక్కడి ఆడవాళ్ళు ఆ కొంగలకు సీమంతం చేస్తారు, పాటలు పాడతారు. అంతటితో ఆగరు. చెట్ల కింద వలలు కడతారు, పడిన పిల్లల్ని కాపాడి, పెంచి, వదిలే ఏర్పాటు చేస్తారు. మగ్గాల మీద ఆ కొంగ బొమ్మ నేసి అమ్ముకుంటారు. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం ఆ పనికి వచ్చింది. పోలిక అక్కడ చాకిరీగా మారింది, ఆడవాళ్ళ చేతికి కొంత డబ్బు కూడా తెచ్చింది. మన దగ్గర అది వ్యాసానికి మొదటి వాక్యంగానే మిగిలింది.

గూటి నుంచి పడిన పిల్ల దగ్గరే మన సాహిత్యం కూడా తడబడుతుందని నా అనుమానం. మన స్త్రీవాద కవిత్వంలో పంజరాలకు కొదవలేదు. తలుపు తెరుచుకుంటుంది, రెక్కలు విప్పుకుంటాయి, కవిత అయిపోతుంది. ఓల్గా ‘స్వేచ్ఛ’ 1987లో వచ్చాక జరిగిన చర్చల్లో నాకు గుర్తున్నదంతా అరుణ ఇల్లు వదలడం తప్పా ఒప్పా అన్నదే. వదిలే ముందు, వదిలాక ఆ మనిషిని నిలబెట్టే రోజువారీ పనిని గురించి ఎంత మాట్లాడుకున్నాం?

పక్షిని పెంచి వదిలేవాళ్ళకు అసలు కష్టమంతా అక్కడే. పిల్ల మొదట చూసిన కదిలే జీవిని తల్లిగా ముద్ర వేసుకుంటుందని కాన్రాడ్ లోరెంజ్ 1935లోనే వివరించాడు. మనిషిని తల్లనుకున్న పక్షి పెద్దయ్యాక తన జాతిలో జత వెతుక్కోలేకపోవచ్చు. అందుకే అమెరికాలో హూపింగ్ కొక్కెరల్ని పెంచినవాళ్ళు ముఖం కనపడకుండా తెల్ల ముసుగు తొడుక్కున్నారు, చేతికి కొక్కెర తల బొమ్మ తగిలించుకున్నారు, పిల్లల ముందు నోరు విప్పలేదు. 2001 నుంచి చిన్న విమానాల వెంట వాటికి వలస దారి కూడా నేర్పారు. పదిహేనేళ్ళ తర్వాత ఆ పద్ధతి మానేశారు. పెద్దయిన పక్షులు బతికాయి గానీ తమ పిల్లల్ని సరిగా సాకలేకపోయాయి. కన్నవాళ్ళ దగ్గర పెరగకపోవడమే కారణమేమో అనుకున్నారు. ముఖం దాచుకుని చేసిన సాకుడు కూడా పూర్తిగా చాల్లేదన్నమాట. పేరు లేకుండా, ముఖం లేకుండా సాకడం మన అమ్మలకు కొత్తకాదు కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలాసేపు ఏమీ తోచలేదు.

హెలెన్ మెక్డొనాల్డ్ ‘హెచ్ ఈజ్ ఫర్ హాక్’ (2014) మీద నాకు గౌరవం అందుకే. 2007లో తండ్రి పోయాక ఆమె గోషాక్ డేగ పిల్లను కొని మచ్చిక చేసింది. పక్షిలా అయిపోయి దుఃఖం నుంచి తప్పుకోవాలనుకుంది. డేగ డేగగానే ఉండిపోతుంది, తను మాత్రం మళ్ళీ మనుషుల్లోకి రావాల్సి వస్తుంది. పక్షిని తన గుర్తుగా వాడుకోబోయి, అది కుదరదని ఒప్పుకున్న పుస్తకం. మన కవితల్లో పక్షికి ఆ మర్యాద దక్కలేదు. దానికి ఆకలి ఉంటుందని కూడా మనం రాయలేదు.

ఆకలంటే నాకు మా అమ్మ గుర్తొస్తుంది. సముద్రానికి రెండు మైళ్ళలో మా ఊరు. ఒక ఎండాకాలం గాలివానకు చూరు నుంచి గోరింక పిల్ల పడింది. (1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అలా ఇంట్లో పెంచకూడదు, అటవీ శాఖకు అప్పగించాలి. అప్పుడు ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు.) అమ్మ మిడతలు పట్టి, వెదురుపుల్లతో తినిపించేది. తెల్లారి మొదలుపెడితే పొద్దుగుంకేదాకా, వంట మధ్యలో, దూడకు కుడితి పెట్టే మధ్యలో. “నీకు వేరే పనిలేదా” అనేవాడు నాన్న. అదొక్కటే ఆమె తనకోసం చేసుకున్న పని అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

రెక్కలొచ్చాక అమ్మ దాన్ని చేత్తో ఎగరేయలేదు. మేత గదిలో పెట్టడం మానేసి వసారాలో, తర్వాత బావి గట్టు మీద పెట్టింది. పిలవడం మానేసింది. భుజం మీద వాలబోతే పక్కకు జరిగేది. అప్పుడు నాకు ఆమె మీద కోపమొచ్చేది. కొన్నాళ్ళు మధ్యాహ్నం పూట గట్టు మీదికొచ్చి తినిపోయింది. ఒకరోజు ఇంకో గోరింకతో వచ్చి, తినకుండా ఎగిరిపోయింది. తర్వాత రాలేదు.

ఆ తర్వాత పది రోజులు అమ్మ గట్టు మీద మిడతలు పెట్టి వచ్చేది. చీమలు పట్టేవి. తుడిచేసి మళ్ళీ పెట్టేది.