ఎత్తాల్సిన పొర, ముట్టకూడని పొర

కళ్లద్దాల అవసరాన్ని తగ్గించే లాసిక్ చికిత్సలో లేజర్ కిరణం చేసే పని క్షణాల్లో ముగుస్తుంది గానీ, ఆ కిరణానికి దారి ఇవ్వడం కోసం నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొరలో, అంటే కార్నియాలో, కోసి తెరిచిన పలుచని రేకు మాత్రం జీవితాంతం ఒక అతుకుగా మిగిలిపోతుంది. వైద్యులు ‘ఫ్లాప్’ అని పిలిచే ఈ రేకుకు చికిత్స సమయంలోనో, ఆ తర్వాతి గంటల్లోనో, ఒక్కోసారి ఏళ్లు గడిచాకనో వచ్చే చిక్కులను చక్కదిద్దే పద్ధతులు గత మూడున్నర దశాబ్దాల్లో ఒక ప్రత్యేక విద్యగా ఎదిగాయి. ఆ విద్య సారమంతా రేకును ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు ముట్టకుండా వదలాలి అన్న విచక్షణలో ఉంది.

బొగోటా నుంచి మద్రాసు దాకా

కార్నియా పైభాగాన్ని బిళ్లగా కోసి, గడ్డకట్టించి, వంపు మార్చి చెక్కి, తిరిగి కంటికి అమర్చవచ్చన్న ఆలోచనను హోసే ఇగ్నాసియో బరాకెర్ 1949లో ప్రతిపాదించి, తర్వాతి దశాబ్దాల్లో కొలంబియాలోని బొగోటా నగరంలో ఆచరణలో పెట్టారు. పొరను సమమందంగా కోసే మైక్రోకెరటోమ్ అనే పరికరానికీ ఆయనే ఆద్యుడు. చెక్కే పనిని లేజర్‌కు అప్పగించే మార్గం తెరిచినవారిలో ముఖ్యుడు 1929లో మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో ఆయన తన సహచరులతో కలిసి, ఎక్సైమర్ లేజర్ చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చకుండా అతి పలుచని పొరలను తొలగించగలదని 1981లో గుర్తించగా, 1983లో స్టీఫెన్ ట్రోకెల్ ఆయనతో కలిసి దాన్ని కార్నియాపై పరీక్షించారు. 1990 ప్రాంతంలో గ్రీసుకు చెందిన అయోనిస్ పల్లికారిస్, పొరను పూర్తిగా వేరుచేయకుండా ఒక అంచును కీలులా వదిలి, దాన్ని తిరగవేసి, కింది భాగంపై లేజర్ ప్రయోగించి, తిరిగి మూసే పద్ధతిని స్థిరపరచడంతో లాసిక్ రూపుదిద్దుకుంది.

ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులో, పులికాట్ సరస్సు పక్కన ఉండి, 2022 వరకు నెల్లూరు జిల్లాలోనూ ఇప్పుడు తిరుపతి జిల్లాలోనూ భాగమైన తడ ప్రాంతానికి ఈ చరిత్ర దూరమైనదేమీ కాదు. ఇక్కడివారికి దగ్గరలోని మహానగరం ఒకప్పటి మద్రాసు అయిన చెన్నైయే. 1819లో మొదలైన ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి, 1978లో డాక్టర్ ఎస్.ఎస్. బద్రీనాథ్ స్థాపించిన శంకర నేత్రాలయ ఆ నగరంలోనే ఉన్నాయి. హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కార్నియా వైద్యానికి పేరెన్నికగన్నది. ప్రత్యేక నైపుణ్యం ఇలా నగరాల్లో కేంద్రీకృతమై ఉన్నందువల్ల, చికిత్స చేయించుకుని ఊరికి తిరిగివచ్చిన మనిషి విషయంలో కాలం అనే అంశానికి అదనపు ప్రాధాన్యం వస్తుంది.

అతుకు స్వభావం

కార్నియా మధ్యభాగం మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ. అందులో ఫ్లాప్ సాధారణంగా 100 నుంచి 160 మైక్రాన్లు తీసుకోగా, లేజర్ చెక్కిన తర్వాత అడుగున కనీసం 250 మైక్రాన్లయినా మిగలాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న హద్దు. రేకును మూసిన తర్వాత దానికి కుట్లు వేయరు. కార్నియా లోపలి వరుస కణాలు నీటిని నిరంతరం తోడేయడం వల్ల పుట్టే పీల్పు దాన్ని పట్టి ఉంచుతుంది. ఒకటి రెండు రోజుల్లో పైపొర కణాలు అంచును కప్పేస్తాయి. అంచు వెంట క్రమంగా మచ్చకణజాలం ఏర్పడి కొంత పట్టు దొరుకుతుంది గానీ, మధ్యభాగంలోని అతుకు సహజ కార్నియా దృఢత్వంలో స్వల్ప భాగాన్ని మాత్రమే తిరిగి పొందుతుంది. ఏళ్ల తర్వాత కూడా వైద్యుడు అవసరమైతే ఆ రేకును మళ్లీ ఎత్తగలగడానికీ, బలమైన దెబ్బ తగిలితే అది జరిగిపోవడానికీ కారణం ఈ బలహీనతే.

కోత సమయంలోని చిక్కులు

మైక్రోకెరటోమ్‌తో కోసేటప్పుడు చిక్కు వచ్చే తీరును కంటి ఆకృతి చాలావరకు నిర్ణయిస్తుంది. వంపు మరీ ఎక్కువగా ఉన్న కార్నియాలో రేకు నడుమ గుండీ కాజా లాంటి రంధ్రం పడే ప్రమాదం ఉండగా, మరీ చదునైన కార్నియాలో కీలు మిగలకుండా రేకు మొత్తం ఊడివచ్చే అవకాశం ఉంటుంది. రంధ్రం పడినా, కోత సగంలో ఆగినా, శస్త్రకారుడు పాటించవలసిన మొదటి సూత్రం లేజర్‌ను ప్రయోగించకుండా ఆపడం. రేకును యథాస్థానంలో పరిచి, రక్షణగా కాంటాక్ట్ లెన్స్ పెట్టి, కనీసం కొన్ని నెలలు ఆగి, కార్నియా స్థిరపడిన తర్వాతే మరో పద్ధతిని, చాలాసార్లు రేకు అవసరం లేని ఉపరితల లేజర్ చికిత్సను, ఆలోచిస్తారు. రేకు పూర్తిగా ఊడివచ్చినప్పుడు దాన్ని ఎండిపోకుండా తేమలో భద్రపరిచి, కోతకు ముందే రంగుతో పెట్టుకున్న గుర్తులను కలుపుకొంటూ, లోపలివైపు పైకి రాకుండా తిరిగి అమరుస్తారు.

2001 నుంచి వాడుకలోకి వచ్చిన ఫెమ్టోసెకండ్ లేజర్, కత్తికి బదులు కార్నియా లోపల లెక్కలేనన్ని సూక్ష్మ బుడగలను పుట్టించి పొరను వేరుచేయడంతో, కోత మందాన్ని మరింత కచ్చితంగా నియంత్రించడం సాధ్యమై ఈ చిక్కులు చాలా తగ్గాయి. అయితే దానికీ తనవైన చిక్కులున్నాయి: బుడగలు పొరల మధ్య పేరుకుని తెల్లని మబ్బులా కమ్మినప్పుడు అవి కరిగే వరకు ఆగవలసి వస్తుంది, కంటిని పట్టి ఉంచే సక్షన్ జారిపోతే, పరికరాన్ని తిరిగి అమర్చి అదే లోతులో కోతను పూర్తిచేయడమా, ఆ రోజుకు విరమించడమా అన్నది అప్పటికప్పుడు తేల్చవలసి ఉంటుంది.

చికిత్స తర్వాత

శస్త్రచికిత్స ముగిసిన కొద్దిసేపటికి, మర్నాడు స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శిని కింద కంటిని పరీక్షించడం రివాజు మాత్రమే కాదు, ఎందుకంటే రేకు జరగడం ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే సంభవిస్తుంది. చూపుకు అడ్డుపడని సన్నని ముడతలను అలాగే వదిలేయవచ్చు. రేకు జరగడం వల్ల ఏర్పడిన పెద్ద మడతలను మాత్రం వెంటనే సరిచేయాలి. ఆలస్యమైతే మడత లోయల్లో పైపొర కణాలు నిండి దాన్ని శాశ్వతం చేస్తాయి. అటువంటప్పుడు ఆ కణాలను గీకి, రేకును ఎత్తి, ద్రవంతో నానబెట్టి, స్పాంజితో మెల్లగా సాగదీసి పరుస్తారు. మొండి మడతలకు సన్నని నైలాన్ కుట్లు అవసరమవుతాయి.

రేకు కింద తెల్లకణాలు ఇసుక చల్లినట్లు పరుచుకునే వాపును 1998లో తొలిసారి వర్ణించారు. ‘సహారా ఇసుక’ అన్న మారుపేరు దానికి అలాగే వచ్చింది. సూక్ష్మజీవులు కారణం కాని ఈ వాపు సాధారణంగా మొదటి కొద్ది రోజుల్లో కనిపిస్తుంది. తొలి దశల్లో గంటకోసారి వేసే స్టెరాయిడ్ చుక్కలు సరిపోతాయి. కణాలు మధ్యభాగంలో గుమిగూడితే రేకును ఎత్తి కడగాలి, లేకపోతే కార్నియా కరిగి మచ్చపడుతుంది. విచిత్రమేమంటే, కొన్ని రోజులు స్టెరాయిడ్ వాడిన తర్వాత కంటి పీడనం పెరిగి, రేకు కింద నీరు చేరి, చూడటానికి దాదాపు ఇలాగే ఉండే మరో స్థితి ఏర్పడుతుంది. నీరు మధ్యలో అడ్డుపడటం వల్ల పీడనం అక్కడ కొలిస్తే తక్కువగా చూపుతుంది కాబట్టి, అంచు దగ్గర కొలిచి గుర్తుపట్టి, స్టెరాయిడ్‌ను పెంచకుండా ఆపి, పీడనం తగ్గించే చుక్కలు ఇవ్వాలి. ఒకే రూపం, రెండు విరుద్ధ చికిత్సలు. తప్పుగా పోల్చుకుంటే కంటినరం దెబ్బతింటుంది.

ఇన్ఫెక్షన్ మూడో అవకాశం. మొదటి రెండు వారాల్లో స్టాఫిలోకాకస్ వంటి సాధారణ బాక్టీరియా, తర్వాత మందగతిన పెరిగే మైకోబాక్టీరియా, ఫంగస్ ఎక్కువగా కారణమవుతాయి. ఇక్కడ వేచిచూడటం పనికిరాదు: రేకును ఎత్తి, నమూనా గీకి పరీక్షకు పంపి, మందు ద్రావణంతో కడుగుతారు, మందు లోతుకు చేరకపోతే రేకునే తొలగించవలసి రావచ్చు. దక్షిణ భారతంలో కంటిపుండ్లకు ఫంగస్ ప్రధాన కారణాల్లో ఒకటి కావడం వల్ల, కారణం తేలకుండా స్టెరాయిడ్ చుక్కలు వేయడం ఇక్కడ మరింత ప్రమాదకరం. ఇందుకు భిన్నంగా, అంచు నుంచి పైపొర కణాలు రేకు కిందికి కొద్దిగా పాకి ఆగిపోతే వైద్యులు కేవలం గమనిస్తారు. చూపుదారి వైపు పెరుగుతుంటేనే ఎత్తి గీకుతారు, ఎందుకంటే ఎత్తిన ప్రతిసారీ కణాలు తిరిగి చొరబడే అవకాశం పెరుగుతుంది.

తడలో ఈ జ్ఞానం విలువ

పులికాట్ సరస్సు మీద పడవల్లో వేటకు వెళ్లేవారికి, దగ్గరలోని శ్రీసిటీ పారిశ్రామికవాడ కర్మాగారాలకు బైకుల మీద వెళ్లేవారికి కంట్లో నలక పడటం, దాన్ని నులుముకోవడం రోజువారీ సంగతులే అయినా, లాసిక్ జరిగిన తొలి వారాల్లో ఆ నులుముడే రేకును జరిపేయగలదు. ఆ తర్వాత కూడా గోరో, కొమ్మో, తాడు కొసో తగిలి, చూపు ఒక్కసారిగా మసకబారి, నొప్పితో నీరు కారుతుంటే, మందుల దుకాణంలో అడిగి తెచ్చిన చుక్కలతో రోజులు గడపకుండా, కంటిని నొక్కకుండా కవచంతో కప్పుకుని, అదే రోజు కార్నియా వైద్యుడి దగ్గరికి చేరడం అవసరం. చెన్నై ప్రయాణానికి పట్టే రెండు గంటలు కంటిని పోగొట్టవు, ‘చూద్దాంలే’ అనుకుని గడిపే రెండు రోజులు కంట్లో పువ్వును మిగల్చవచ్చు.

నయమైన రేకు మామూలు చూపుకు ఎవరికీ కనిపించదు కాబట్టి, చికిత్స తేదీ, పద్ధతి, రేకు మందం, కీలు ఉన్న వైపు, ఎన్నిసార్లు ఎత్తారన్న వివరాలున్న కాగితాన్ని, చికిత్సకు ముందటి కొలతలతో సహా, దాచుకోవాలి. పలుచబడిన కార్నియాపై కంటి పీడనం అసలుకంటే తక్కువగా నమోదై నీటికాసుల జబ్బు బయటపడకపోవచ్చు; వయసు మీద పడ్డాక శుక్లాల ఆపరేషన్‌లో అమర్చే లెన్స్ పవరు లెక్క కూడా మారుతుంది. రేకును ఎత్తాలా, వదలాలా అన్న నిర్ణయం నగరంలోని నిపుణుడిదే అయినా, ఆ నిర్ణయానికి కావలసిన సమయాన్నీ సమాచారాన్నీ అందించవలసింది ఊళ్లో ఉన్న రోగీ, అతణ్ని మొదట చూసే స్థానిక వైద్యుడూనే.