యంత్రశాల పలుకుబడి – అర్థనిర్ణయ పద్ధతి: ఒక పరిశీలన

తెలుగు విమర్శలో విస్తృతంగా వాడుకలో ఉన్న పదబంధాలలో ‘చిత్రిక పట్టడం’ ఒకటి. ఒక రచయిత పల్లె జీవితాన్ని చిత్రిక పట్టాడని, ఒక నవల కార్మికుల వెతలను చిత్రిక పట్టిందని ముందుమాటల్లోనూ సిద్ధాంత గ్రంథాల్లోనూ రాయడం పరిపాటి. ఈ ప్రయోగాలన్నింటిలో ఉద్దేశించిన అర్థం ‘చిత్రించడం’. కాని చిత్రిక వడ్రంగి పనిముట్టు. చెక్క మీది గరుకును పలచని పొరలుగా తీసి నునుపు చేసేది అది. చిత్రిక పట్టిన చెక్కకు కొత్తగా చేరేదేమీ ఉండదు, ఉన్నదానిలోంచే కొంత పోతుంది. వాడుక బలపడిన కొద్దీ పదం అర్థం మారడం సహజమే కనుక దీనిని కేవలం దోషంగా లెక్కించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఈ మార్పు ‘చిత్ర’ శబ్దంతో ఉన్న పోలిక వల్ల వచ్చిందే తప్ప పనితో పరిచయం వల్ల వచ్చింది కాదు. వృత్తిపదం ఎదురైనప్పుడు విమర్శకుడు ముందుగా ధ్వనినీ వ్యుత్పత్తినీ ఆశ్రయిస్తున్నాడనడానికి ఇది నిదర్శనం.

వృత్తిపదానికి, ముఖ్యంగా యంత్రశాల పదానికి, అర్థాన్ని నిర్ణయించేది వ్యుత్పత్తి కాదు. ఆ పదంతో కలిసి వచ్చే క్రియ, విభక్తి, ఆ పని జరిగే వస్తువు, ఈ మూడే నిర్ణాయకాలు. ఈ ప్రతిపాదనను హైదరాబాదు యంత్రశాలల పలుకుబడి ఆధారంగా పరీక్షించవచ్చు.

ఈ పరిశీలనకు హైదరాబాదు నడిబొడ్డు అనువైన క్షేత్రం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి హిమాయత్‌నగర్ కేంద్రంగా పాఠ్యగ్రంథాలకు పారిభాషిక పదాలను సమకూర్చింది. అక్కడికి కొద్ది దూరంలోనే, చిక్కడపల్లి, బాగ్‌లింగంపల్లి దాటగానే ఆజామాబాద్ పారిశ్రామిక ప్రాంతం ఉంది. అశోక్‌నగర్‌కు చేరువలోని కవాడిగూడలో 1943లో స్థాపితమైన ప్రాగా టూల్స్ యంత్ర పరికరాలను తయారుచేసింది. ఒకచోట ‘కోణీయ వేగం’, ‘అపకేంద్ర బలం’ వంటి పదాలు పుస్తకాలకెక్కాయి. మరొకచోట ‘సూత్’, ‘చూడీ’, ‘జాబు’ వంటివి నోటినుంచి నోటికి సాగాయి. మొదటి వర్గానికి నిఘంటువు ఉంది. రెండవ వర్గానికి పనిచేసే చేయే నిఘంటువు.

‘నాలుగు సూత్‌ల బోల్టుకు చూడీ పోయింది’ అనే వాక్యం ఒక కథలో ఉందనుకుందాం. హిందుస్తానీలో సూత్ అంటే నూలు, చూడీ అంటే గాజు. నిఘంటువును మాత్రమే నమ్మితే వాక్యం అర్థరహితమవుతుంది. సూత్‌కు ముందు సంఖ్య వచ్చింది, తరువాత వస్తువు పేరు వచ్చింది. కనుక అది కొలత కావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3.175 మిల్లీమీటర్లు, ఒక సూత్. నాలుగు సూత్‌లంటే అరంగుళం. ఇక చూడీ ‘బోల్టుకు’ ఉండేది, అరిగి ‘పోయేది’. అది బోల్టు చుట్టూ తిరిగే మర. గాజులు వరుసగా పేర్చినట్టు కనిపించే ఆకారమే ఆ పేరుకు ఆధారమని అర్థం తెలిశాక స్ఫురిస్తుంది. అంటే వ్యుత్పత్తి అర్థాన్ని వివరించగలిగింది గాని కనిపెట్టలేకపోయింది. ఇంగ్లీషులో ఇదే మరకు నూలు అనే అర్థమున్న పదం వాడతారు. హిందుస్తానీలోనేమో నూలు కొలత అయింది. మూలార్థాన్నే పట్టుకున్న అనువాదకుడు ఇక్కడ రెండింటినీ తారుమారు చేసే ప్రమాదం ఉంది.

తెలుగు ‘మర’ విషయంలో విభక్తి నిర్ణాయకమవుతుంది. పిండిమర, మరమగ్గం అన్నచోట మర యంత్రం. మరమేకు అన్నచోట మేకు చుట్టూ ఉన్న గాడి. ‘మర పోయింది’ అనే వాక్యం ఒంటరిగా ఉంటే సందిగ్ధమే. ‘బోల్టుకు మర పోయింది’ అంటే గాడి అరిగింది. ‘కొట్టంలోంచి మర పోయింది’ అంటే దొంగతనం జరిగింది.

‘జాబు’ మరింత ఆసక్తికరం. పాత తెలుగు గద్యంలో అది ఉత్తరం, నేటి వాడుకలో ఉద్యోగం, లేత్ దగ్గర యంత్రానికి బిగించిన లోహఖండం. కొలత తప్పితే ‘జాబు పోయింది’ అంటారు. కార్మిక కథలో ఈ మాట వస్తే పోయినది ఉద్యోగమా, చేతిలోని పనా అన్నది కథాగమనాన్నే మార్చే ప్రశ్న. రచయిత ఆ రెండర్థాలనూ ఉద్దేశించి ఉంటే, యంత్రశాల అర్థం తెలియని పాఠకుడికి శ్లేష అందదు. ‘ఇంజను బోరుకొచ్చింది’ అన్న మాటా అటువంటిదే. సిలిండరు లోపలి గోడ అరిగి, దానిని మళ్లీ తొలిచి పెద్ద పిస్టన్ వేయవలసిన స్థితి అది. విసుగుతో గాని గొట్టపుబావితో గాని దానికి సంబంధం లేదు.

అచ్చతెలుగు పదాలకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. లోహాన్ని అరగదీసే ఉక్కు పనిముట్టు ఆకురాయి. అది రాయి కాదు. ‘పదును’ రైతుకు విత్తనానికి తగిన నేల తడి, కమ్మరికి ఇనుముకు తగిన గట్టిదనం, కత్తి పట్టినవాడికి వాడి. మూడింటిలోనూ పనికి తగిన స్థితి అనే భావం ఉంది. ‘పదునైన మాట’ను వాడిగానే గ్రహించే విమర్శ ఆ పదంలోని తగినతనాన్ని వదిలేస్తున్నది.

ఈ దిశలో మనకు మార్గదర్శి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం (1962), చేనేత సంపుటం (1971) పదాలను వృత్తికారుల నోటినుంచే సేకరించాయి. వ్యవసాయ పదాల ఆధారంగానే తెలుగుకు నాలుగు మాండలిక మండలాలను గుర్తించడం సాధ్యమైంది. ఆ కృషి విలువ నిర్వివాదం. అయితే కోశం స్వభావం వల్ల అక్కడ నామవాచకానికే ప్రాధాన్యం. పనిముట్టుకు, దాని భాగానికి పేరు దొరుకుతుంది. పై ఉదాహరణలలో అర్థాన్ని తేల్చినవి పేర్లు కావు. ‘పోవు’, ‘పట్టు’, ‘వచ్చు’ వంటి క్రియలు, ‘కు’, ‘లోంచి’ వంటి ప్రత్యయాలు. పైగా యంత్రశాల ఒక కులవృత్తి కాదు. అక్కడ తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఒకే వాక్యంలో పనిచేస్తాయి. కనుక అక్కడి మాటలను విడి పదాలుగా కాక పూర్తి వాక్యాలుగా, ఆ వాక్యం పలికిన పని వివరంతో సహా నమోదు చేయాలి.

ఈ నమోదుకు కాలం అనుకూలంగా లేదు. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చినా సూత్ నోట నిలిచింది. కంప్యూటరు ఆదేశాలతో నడిచే యంత్రాల దగ్గర మాత్రం కొలత తెర మీది దశాంశ సంఖ్య. చేతితో పిడి తిప్పే పని తగ్గినచోట ఆ పనికి పుట్టిన క్రియలూ తగ్గుతాయి. రేపటి పాఠకుడికి నేటి కార్మిక కథలోని ‘జాబు పోయింది’ ఉద్యోగం పోవడంగానే మిగిలే అవకాశం ఎక్కువ.

కార్మిక సాహిత్యం మీద సిద్ధాంత గ్రంథం రాసే పరిశోధకుడు అనుబంధంలో పదాలకు పర్యాయాలు ఇచ్చి ఊరుకోవడం ఇకపై చాలదు. ప్రతి పదానికీ అది వచ్చిన వాక్యం, అది చేసే పని, దానితో కలిసి వచ్చే క్రియ నమోదు కావాలి. ఆ అర్థాన్ని పనివాడి దగ్గర సరిచూసుకోవడం కూడా పాఠపరిష్కరణలో భాగమే. రాతప్రతులలోని పాఠభేదాలకు మనం చూపే శ్రద్ధకు బతికున్న మనిషి మాట కూడా అర్హమైనదే.