తమటె వాద్యకారుడు మునివెంకటప్ప – వాదనరీతి విచారము

బేతమంగళ ప్రాంతమున పెక్కిండ్ల తెలుగే మాతృభాష, రాజభాష కన్నడము. ఇట్టి సీమలో ఒకే వాద్యమునకు పలు పేర్లుండుట సహజము. కన్నడమువారు తమటె యనునదే తెలుగువారికి పలక, తప్పెట, డప్పు. ఈ వాద్యమును చేపట్టి 2023లో పద్మశ్రీ పురస్కారము నందినవారు పిండిపాపనహళ్ళి మునివెంకటప్పగారు. హంపి కన్నడ విశ్వవిద్యాలయమువారి నాడోజ బిరుదమును వీరికి కలదు. వీరి శిడ్లఘట్ట తాలూకా 2007 వరకు కోలారు జిల్లాలోనిదే. పిమ్మట చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరినది.

దళిత కుటుంబమున జన్మించిన మునివెంకటప్పగారు 16వ యేట తమటె పట్టిరి. తాము వాయించుటతో నిలువక, యువకులకు నేర్పిరి.

ఈ వాద్యనిర్మాణము మిక్కిలి సరళము. గుండ్రని కొయ్యచట్రమునకు ఒకవైపున తోలు బిగింతురు. నిప్పుసెగను కాచినగాని అది బిగువెక్కి పలుకదు. కుడిచేత పొట్టిగా లావుగా నుండు పుల్ల, ఎడమచేత పొడవైన సన్నని బద్ద. తోలు నడుమ గంభీరనాదము, అంచున తీక్ష్ణనాదము పుట్టును. మృదంగమున రెండు ముఖములు చేయు పనిని ఇచట ఒక్క ముఖమే చేయవలెను.

పాశ్చాత్య రాక్ బృందములలోని డ్రమ్ముల వాద్యకారునితో పోల్చిన ఈ రీతి మఱింత స్పష్టమగును. అతడు కూర్చుండి, కాలుసేతులతో పలు వాద్యములను నడుపును. 1962లో బీటిల్స్ బృందమున చేరిన రింగో స్టార్ ఎడమచేతివాటము వాడయ్యు కుడిచేతివారికి అమర్చిన డ్రమ్ములనే వాయించెను; ఆతని విఱుపులలోని విశేషమునకు అదియొక కారణము. తమటెవాడును రెండు పుల్లల అసమానతనే శైలిగా మలచుకొనును. అంతేకాదు, నిలిచి, నడచి, చిందు వేయుచు వాయించును. కావున అతని ప్రతిభను వేగముతో కొలువరాదు. వెంట నడచువారి యడుగు తప్పనీయక నిలుపుటయే దానికి గీటురాయి.

కేవలము "జానపదము" అని మెచ్చి యూరకుండుట విమర్శ కాదు. చావునకు, జాతరకు, చాటింపునకు దీనిని వాయించి తీరవలెనన్న కట్టడి తరతరములుగా దళితులపై నుండెను. అందుచే ఆత్మగౌరవమునకై దానిని విడిచినవారును కలరు. 1994లో ఆంధ్రదేశమున ఆరంభమైన మాదిగ దండోరా ఉద్యమమో, ఆ డప్పునే హక్కుల పిలుపుగా మార్చెను. విడుచుటయు స్వాతంత్ర్యమే, కోరి పట్టుటయు స్వాతంత్ర్యమే. మునివెంకటప్పగారి కృషి విలువ ఈ రెంటిని ఎఱిగినప్పుడే తెలియును: నిర్బంధముగా వచ్చిన పనిని ఇష్టపడి నేర్చు విద్యగా నిలుపుట సామాన్యము కాదు.

మన సంఘములు ఊరేగింపు ముందు తమటెను నడిపించి తృప్తిపడరాదు. వాదకుని వేదికపై నిలిపి, ఇతర విద్వాంసుల పేర్లతోపాటు అతని పేరును ఆహ్వానపత్రికలో ముద్రింపవలెను. తగిన సంభావన ఈయవలెను. దరువుల పేర్లను అతని నోటినుండియే వ్రాసికొనవలెను. ఆ పని బేతమంగళ పరిసర గ్రామములనుండియే ఆరంభింపదగును.